జీవకణము చెల్లించు వెల



కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఆదివారమున నేను చేసిన ప్రసంగమును మా సంఘమువారు మిక్కిలి మెచ్చుకొనిరి. ఆరాధన ముగిసిన తరువాత పెద్దలు నా చేయి పట్టుకొని, ఇటువంటి మాటలు ఇంతకుముందు వినలేదనిరి. ఆ ప్రసంగము ఇప్పుడు జ్ఞాపకమునకు వచ్చినప్పుడెల్లను నాకు సిగ్గు కలుగుచున్నది. ఎందుచేతనో చెప్పుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ దినమున నేను చెప్పినది ఇది. లోకములో ప్రతి వస్తువును చెదరిపోవుటకే చూచును. గోడ కూలును, ఇనుము తుప్పు పట్టును, వస్త్రము చివికిపోవును. ఇది మార్పులేని నియమమని శాస్త్రజ్ఞులే చెప్పుచున్నారు. అయితే చిన్న గింజ చెట్టగుచున్నది. తల్లి గర్భములో కంటికి కనబడని బిందువు కన్నులు చెవులు గల బిడ్డయగుచున్నది. కాబట్టి జీవము ఆ నియమమును ధిక్కరించుచున్నది. నియమమును ధిక్కరింపగలవాడు ఆ నియమమును చేసినవాడే గదా! ఇంతకంటె ఋజువేమి కావలెను? ఇట్లు చెప్పి నేను కూర్చుంటిని.

మా సంఘములో ఇంటర్మీడియట్ చదువుచున్న కుఱ్ఱవాడొకడు ముందు వరుసలో కూర్చుండి ఆ మాటలను తన పుస్తకములో వ్రాసికొనెను. పది దినములైన పిమ్మట అతడొక సాయంకాలము మా యింటికి వచ్చి, అరుగు మీద కూర్చుండి, చాలసేపు మాటలాడలేదు. తుదకు నోరు విప్పెను.

“అయ్యగారూ, మీరు చెప్పింది మా తరగతిలో లేచి చెప్పాను. మాస్టారు కోప్పడలేదు. బోర్డు మీద లెక్క వేసి, జీవం ఆ నియమాన్ని ఎక్కడా మీరటం లేదని చూపించారు. పిల్లలంతా నవ్వారు.” కొంచెము ఆగి మరల అనెను: “నవ్వితే నవ్వారు గానీ, ఇది తప్పైతే మీరు చెప్పిన మిగతావి ఎట్లా నమ్మాలండీ?”

నాయొద్ద జవాబు లేకపోయెను. ప్రసంగమునకు మెప్పు నాకు వచ్చెను. దాని వెలను నలుగురి యెదుట ఆ బిడ్డ చెల్లించెను.

మనము సత్యమని నమ్మినదానిని నిలువబెట్టుటకు, సరిగా తెలియని ఋజువును వాడవచ్చునా? విన్నవారికి భక్తి పెరిగినది గదా, నష్టమేమున్నదని మనలను మనము సమాధానపరచుకొనవచ్చునా? ఈ ప్రశ్న నన్ను కొన్నాళ్లు నిద్రపోనియ్యలేదు. వేదాంత పాఠశాలలో నేను గ్రీకు అక్షరములు నేర్చుకొంటిని గాని రసాయన శాస్త్రము నేర్చుకొనలేదు. కనుక “నాయనా, ఆ లెక్కేమిటో నాకూ నేర్పు” అని అతనినే అడిగితిని. అతడు తన పుస్తకములు తెచ్చెను. కొన్ని సాయంకాలములు ఇద్దరము అరుగు మీద కూర్చుండి చదివితిమి. అప్పుడు నేర్చుకొనినదియు, ఆ తరువాత నేను చదివి తెలిసికొనినదియు మీకు చెప్పెదను.

పెసలు, మినుములు

చేటలో ఒకవైపు పిడికెడు పెసలు, మరియొకవైపు పిడికెడు మినుములు పోసి కుదిపి చూడుడి. కొంతసేపటికి అవి కలిసిపోవును. మరల ఎంతసేపు కుదిపినను పెసలు ఒక ప్రక్కకును మినుములు ఒక ప్రక్కకును రావు. అవి పంతము పట్టినవని కాదు. అవి వేరువేరుగా ఉండుటకు గల విధములు కొద్ది. కలిసి ఉండుటకు గల విధములు లెక్కకు మించినవి. గుడ్డిగా కుదిపినప్పుడు, విధములు ఎక్కువగా ఉన్న వైపునకే అవి పోవును. గింజల విషయమున నిజమైనది కంటికి కనబడని అణువుల విషయమునను, వాటిలోని వేడి విషయమునను నిజము. ఈ విధముల విస్తారమునకు ఒక కొలత కలదు. 1865వ సంవత్సరమున క్లౌజియస్ అను జర్మను శాస్త్రజ్ఞుడు దానికి ఎంట్రోపీ అని పేరు పెట్టెను. అది నిజముగా విధముల లెక్కయేనని తరువాత బోల్ట్‌జ్‌మన్ అను ఆస్ట్రియా దేశస్థుడు చూపెను.

శక్తిని గూర్చి రెండు గొప్ప నియమములు కలవు. శక్తి పుట్టదు, నశించదు, రూపు మాత్రము మార్చుకొనును, ఇది మొదటిది. ఏ మార్పు జరిగినను, ఆ వస్తువును దాని చుట్టునున్న సమస్తమును కలిపి లెక్కించినప్పుడు ఎంట్రోపీ తగ్గదు, ఇది రెండవది. “చుట్టునున్న సమస్తమును కలిపి” అను మాటను నేను ప్రసంగములో విడిచిపెట్టితిని. మోసముచేత విడువలేదు, తెలియక విడిచితిని. అయినను కీలకమంతయు ఆ ఒక్క మాటలోనే ఉన్నది.

చేటలో కలిసిపోయిన గింజలను వేరుచేయవలెనన్న, ఎవరో ఒక అవ్వ కూర్చుండి ఏరవలెను. ఏరినప్పుడు చేటలో క్రమము వచ్చును. అయితే ఆ అవ్వ కన్నులును వ్రేళ్లును పనిచేయుటకు ఆమె ఉదయమున త్రాగిన గంజి ఆమెలో ఖర్చగుచున్నది. ఆమె ఒంటినుండి వేడి గాలిలోనికి పోవుచున్నది. చేటలో తగ్గిన చెదరుపాటు కొంచెము. గాలిలో పెరిగిన చెదరుపాటు దానికంటె ఎన్నో రెట్లు ఎక్కువ. చేటను మాత్రమే చూచినవాడు నియమము తప్పినదనును. అవ్వను కూడ చూచినవాడు అట్లనడు. నేను చేటను మాత్రమే చూచితిని.

మరియొక సంగతి. ఏరువారు లేకుండ క్రమము దానంతట అది రానేరదని కూడ నేను తలంచితిని. అదియు సరికాదు. నీరు గడ్డకట్టినప్పుడు అణువులు చక్కని వరుసలుగా అమరుచున్నవి. ఎవరు అమర్చిరి? గడ్డకట్టునప్పుడు ప్రతి గ్రాము నీరును సుమారు 80 కాలరీల వేడిని బయటికి వదలును. ఆ వేడి బయట కలిగించు చెదరుపాటు, లోపలి వరుసలకు చాలినంత వెల అగుచున్నది. చారు మీద నూనె బొట్లు ఒకదానితో ఒకటి కలిసి పెద్దవగుట మీరు చూచియున్నారు. నూనె చుట్టు నీటి అణువులు ఇరుకున పడియుండును. బొట్లు ఒకటైనప్పుడు వాటిలో అనేకమైన వాటికి విడుదల కలుగును. నీటికి కలిగిన ఆ స్వేచ్ఛయే నూనెను ఒకచోటికి చేర్చుచున్నది. జీవకణము చుట్టునున్న పలుచని పొర ఏర్పడుటకు ముఖ్యకారణము ఇదియే. అక్కడ కొవ్వు అణువులు సైనికులవలె రెండు వరుసలు తీరి నిలుచుండును. ఆ వరుసల వెల నీరు చెల్లించుచున్నది.

నిప్పు లేని మంట

జీవము వేడిని బయటికి వదలుచున్నదని మొదట కొలిచి చూపినవారిలో లవోయిసియే, లాప్లాసు అను ఫ్రెంచి దేశస్థులిద్దరు ముఖ్యులు. వారొక గినీ పందిని మంచుగడ్డల మధ్యనున్న పాత్రలో ఉంచి, దాని వేడికి ఎంత మంచు కరగెనో తూచిరి. అది విడిచిన బొగ్గుపులుసు గాలిని, బొగ్గు మండినప్పుడు వచ్చు గాలితోను వేడితోను పోల్చిరి. ఊపిరి యనునది నెమ్మదిగా మండుటయే అని 1783వ సంవత్సరమున తెలియజేసిరి. నిప్పు కనబడదు, పొగ రాదు, గాని మంట మంటయే.

నేడు మనకు ఆ మంట లెక్క బాగుగా తెలియును. 180 గ్రాముల గ్లూకోజు ప్రాణవాయువుతో కలిసి పూర్తిగా మండినయెడల సుమారు 670 కిలోకాలరీల వేడి వచ్చును. పొయ్యిలో మండినను, మన ఒంటిలో మండినను మొత్తము ఒక్కటే. అయితే పని చేయుటకు దొరకగల శక్తిని లెక్కించినయెడల, సాధారణ కొలత ప్రకారము అది సుమారు 686 కిలోకాలరీలు. వచ్చిన వేడికంటె చేయగల పని ఎక్కువైనదేమి? కారణము ఎంట్రోపీయే. ముడుచుకొనియున్న ఒక్క గ్లూకోజు అణువు విడిపోయి ఆరు బొగ్గుపులుసు గాలి అణువులును ఆరు నీటి అణువులును అగుచున్నది. చెదరుట వలననే ఆ కొంచెము అధికము చేతికి వచ్చినది. శాస్త్రజ్ఞులు దీనిని స్వేచ్ఛాశక్తి అందురు. వేడి లెక్కయు చెదరుపాటు లెక్కయు కలిపిన పద్దు అది. ఏ రసాయన మార్పు తనంతట తాను జరుగునో, ఏది జరుగదో ఆ పద్దును చూచి చెప్పవచ్చును.

చక్కెరను నిప్పులో వేసినయెడల ఆ శక్తియంతయు ఒక్కసారి వేడిగా పోవును. ఎత్తయిన గట్టు మీదినుండి నీరు ఒక్కసారి దూకిన, క్రింద గొయ్యి పడునే గాని పొలము తడవదు. మెట్టు మెట్టుగా దిగిన నీటిని మడిమడికి మళ్లింపవచ్చును. జీవకణము చేయునది ఇదే. గ్లూకోజును అనేక మెట్లలో దింపుచు, మెట్టు మెట్టునకు కొంత శక్తిని పట్టుకొని ఏటీపీ అను చిన్న అణువులో ఉంచుచున్నది. ఒక్క గ్లూకోజు నుండి సుమారు 30 ఏటీపీలు దొరకును. దీనితో శక్తిలో మూడవవంతు మొదలుకొని సగము వరకు పనికి వచ్చును. తక్కినది వేడియై పోవును. ఊరక కూర్చున్న మనిషి ఒంటినుండి సుమారు 100 వాట్ల విద్యుద్దీపమంత వేడి ఎడతెగక పోవుచునే యుండును. పెండ్లి పందిరిలో జనము క్రిక్కిరిసినప్పుడు ఉక్క ఎందుకు పోయునో ఇప్పుడు తెలిసినది గదా!

ఏటీపీని 1929వ సంవత్సరమున కనుగొనిరి. జర్మనీలో లోమన్ అనునతడును, అమెరికాలోని హార్వర్డులో ఫిస్కే, ఎల్లాప్రగడ సుబ్బారావు అను ఇద్దరును అదే సంవత్సరమున దానిని గూర్చి ప్రకటించిరి. సుబ్బారావుగారు 1895లో భీమవరములో జన్మించిన మన తెలుగువారే. ప్రపంచములోని ప్రతి జీవి కణములోను చెల్లు నాణెమును మొదట గుర్తుపట్టినవారిలో గోదావరి జిల్లా మనిషి ఒకడున్నాడని మన పిల్లలకు చెప్పుడి.

నాణెమని ఎందుకంటిననగా, అది కూడబెట్టుకొను వస్తువు కాదు. ఏ క్షణమున చూచినను మన ఒంటిలోనున్న ఏటీపీ అంతయు పావు కిలోకు మించదు. అయినను దినమంతటిలో మనము ఖర్చు చేసి మరల చేసికొను ఏటీపీ బరువు దాదాపు మన శరీరపు బరువంత ఉండును. ఖర్చయిన ప్రతి అణువును మరల మరల నింపబడుచున్నది. దేహము కొవ్వును నిలువ ఉంచుకొనును గాని, ఈ నాణెమును నిలువ ఉంచుకొనదు. అరణ్యములో మన్నాను మరునాటికి దాచుకొనినవారి సంగతి చదువునప్పుడు ఇది నాకు తలంపునకు వచ్చును.

ఇంతకు ఈ చెల్లింపు అంతయు ఎక్కడినుండి వచ్చుచున్నది? తిండి నుండి, తిండి పచ్చని ఆకు నుండి, ఆకునకు సూర్యుని నుండి. సూర్యుని వలన భూమికి ఎంత శక్తి వచ్చునో దాదాపు అంతయు మరల ఆకాశములోనికి పోవును. అట్లయిన మనకు మిగిలినదేమి? సూర్యుడు మిక్కిలి వేడిగలవాడు గనుక ఆయన కిరణములలో శక్తి పెద్ద నోట్లవలె వచ్చును. భూమి చల్లనిది గనుక అదే శక్తిని చిల్లరగా తిరిగి ఇచ్చును. వచ్చిన ఒక్క వెలుగు రేణువునకు మారుగా సుమారు ఇరువది వేడి రేణువులు ఆకాశములోనికి పోవుచున్నవి. నోటు చిల్లర అగుచున్నప్పుడు మధ్యలో జరుగు పనియే మన పంట, మన పాడి, మన ఊపిరి. సూర్యుని కూడ లెక్కలో చేర్చినప్పుడు నియమము ఎక్కడను తప్పలేదు. నేను ధిక్కారమనినది ధిక్కారము కాదు. విధేయతతో కూడిన చెల్లింపు.

దిద్దుబాటు వెల

ఆ పుస్తకములలో నన్ను అన్నిటికంటె ఎక్కువగా ఆపిన సంగతి ఇప్పుడు చెప్పెదను. మన కండలు, రక్తము, చర్మము వీటిలో మాంసకృత్తులు కలవు. అవి అమైనో ఆమ్లములను వరుసగా కూర్చిన గొలుసులు. గొలుసులో ఒక పూసను చేర్చుటకు నిజముగా కావలసిన శక్తి కొద్ది కిలోకాలరీలే. కణము చెల్లించునది మాత్రము నాలుగు ఏటీపీల వెల. అదే కొలతలో సుమారు 30 కిలోకాలరీలు. ఇన్ని రెట్లు ఎందుకు? కణమునకు లెక్క తెలియదా?

ఇందుకు రెండు కారణములు కలవు. చాలినంత మాత్రమే చెల్లించినయెడల ఆ మార్పు ముందుకు ఎంత సులభముగా పోవునో వెనుకకును అంత సులభముగా వచ్చును. అల్లిన గొలుసు ఊడిపోవుచునే యుండును. అధికముగా చెల్లించినప్పుడే తలుపు వెనుక గడియ పడును. రెండవ కారణము ఇంకను గొప్పది. పూసలలో కొన్ని ఒకదానినొకటి మిక్కిలి పోలియుండును. ఒకసారి చూచి ఏరినయెడల తప్పులు ఎక్కువగును. కాబట్టి కణము ఒకసారి ఏరి, శక్తి ఖర్చు చేసి, మరల సరిచూచి, తప్పుదానిని త్రోసివేయును. సరిచూచుటకు శక్తి ఖర్చు తప్పదని 1974లో జాన్ హాప్‌ఫీల్డ్ అను శాస్త్రజ్ఞుడు లెక్క కట్టి చూపెను. సరిచూచునప్పుడు కొన్నిసార్లు మంచిదానిని కూడ పొరపాటున త్రోసివేసి, చెల్లించిన వెలను పోగొట్టుకొనును. అయినను ఆ పని మానదు. ఇంత చేసిన తరువాత పదివేల పూసలకు ఒకటి చొప్పున తప్పు పడును. తరతరములకు పోవు డీఎన్ఏను నకలు తీయునప్పుడు దిద్దుబాటు ఇంకను కఠినము. అన్ని దిద్దుబాట్లయిన తరువాత సుమారు నూరు కోట్ల అక్షరములకు ఒక తప్పు మాత్రమే మిగులును.

ఇది చదివి పుస్తకము మూసివేసితిని. కంటికి కనబడని కణము ఒక పూసను చేర్చుటకు ముందు రెండుసార్లు చూచుచున్నది, దానికై వెల చెల్లించుచున్నది. నేను మాత్రము ఎక్కడనో వినిన ఒక వాదమును ఒక్కసారియైనను సరిచూడక, ఒక్క పుస్తకమైనను తిరగవేయక, నూరు మంది యెదుట నిలిచి పలికితిని. నా వాదము చౌకగా వచ్చినది. చౌకగా వచ్చినది గనుకనే ఊడిపోయెను.

పట్టు విడుచుట

నేను సంఘకాపరిని గనుక అనేక సమాధులయొద్ద నిలిచితిని. ప్రాణము పోయిన కొన్ని గంటలకు శరీరము కొయ్యబారునని మీకందరికి తెలియును. మడిచిన చేయి చాపుట కష్టమగును. ఎందుచేత? కండలో రెండు విధములైన పోగులున్నవి. ఒకటి మరియొకదానిని పట్టుకొని లాగుటచేత కండ ముడుచుకొనును. లాగుటకు శక్తి కావలెనని మనమందరము ఎరుగుదుము. అయితే పట్టు విడుచుటకును ఏటీపీ కావలెను. ప్రాణము పోయిన తరువాత ఏటీపీ అయిపోవును. పట్టుకొనిన పోగులు పట్టుకొనినట్లే బిగిసియుండును. చచ్చినవాని చేయి బిగిసియుండుట బలముచేత కాదు. విడుచుటకు బలము లేకపోవుటచేత.

ఇది తెలిసిన దినమున నా సంగతి నాకు స్పష్టమాయెను. ఆ కుఱ్ఱవాడు వచ్చిన నాటినుండి నేనొక వాదమును బిగబట్టుకొనియున్నాను. అది తప్పని తెలిసినను, సంఘము యెదుట దానిని విడిచిపెట్టుటకు నాకు మనస్సు రాలేదు. దానిని స్థిరత్వమని నేను పేరు పెట్టుకొంటిని. అది కొయ్యబారుట.

యోబు స్నేహితుల సంగతి మీకు తెలియును. వారు దేవుని పక్షమున మాటలాడితిమని తలంచిరి. దేవుని కొరకైనను అన్యాయపు వాదన పలుకవచ్చునా అని యోబు వారినడిగెను. తుదకు దేవుడు మెచ్చుకొనినది తన పక్షమున వాదించిన ఆ ముగ్గురిని కాదు. ఆ గ్రంథమును నేను అనేకసార్లు బోధించితిని గాని, ఆ ముగ్గురి వరుసలో నన్ను నేను ఎన్నడును చూచుకొనలేదు.

తరువాత వచ్చిన ఆదివారమున నేను లేచి, ఫలానా దినమున నేను చెప్పిన ఋజువు తప్పని చెప్పి, పెసలు మినుముల సంగతి వివరించితిని. ఎవరివలన తెలిసికొంటినో, ఆ కుఱ్ఱవాని సెలవు తీసికొని, అదియు చెప్పితిని. అందరు సంతోషించిరని చెప్పజాలను. ఒక పెద్దమనిషి బయట నన్ను ప్రక్కకు పిలిచి, “మంచి ప్రసంగాన్ని మీరే పాడుచేసుకున్నారు అయ్యగారూ. చెప్పకపోతే ఎవరికి తెలిసేది?” అనెను. అతడు నామీద ప్రేమచేతనే అట్లనెను. ఆ బిడ్డకు తెలిసినది గదా అని మాత్రము జవాబిచ్చితిని.

కొందరడుగుదురు: జీవము నియమమును మీరనియెడల దేవునికి చోటెక్కడ? నియమము చెడినచోటనే దేవుని వెదకువారు, నియమము నిలిచినచోట ఆయన లేడని తెలియకయే ఒప్పుకొనుచున్నారు. నా విశ్వాసము విరిగిన నియమము మీద నిలిచినది కాదు. కనుక ఆ నియమము విరుగలేదని తెలిసినప్పుడు అది పడిపోలేదు. ఈ లెక్కలు దేవుడున్నాడని ఋజువు చేయవు, లేడనియు ఋజువు చేయవు. చేయనిదానిని చేసినట్లు చెప్పకుండుటయే మన పని.

ఇంకొక హెచ్చరిక కూడ చెప్పవలెను. ప్రకృతి నియమము నీతి నియమము కాదు. రాయి క్రిందికి పడును గనుక మనుష్యుడును పడవలెనని ఎవరును చెప్పరు. కణము ఇట్లు చేయుచున్నది గనుక మీరును ఇట్లు చేయుడని నేను ఆజ్ఞాపించుట లేదు. అయితే ఎక్కడ చూడవలెనో ఈ నియమము నాకు నేర్పినది. ఒకచోట క్రమము కనబడినప్పుడు, దాని వెల ఎక్కడ చెల్లింపబడినదని అడుగవలెను. చేటను మాత్రమే చూచి తిరిగి పోరాదు.

మన ఇల్లు ఊడ్చి ఆ చెత్తను ప్రక్కవారి గుమ్మము యెదుట వేసినయెడల మన ఇల్లు శుభ్రమైనదనుట సగము మాట. మన దేశములో ఊళ్లును పట్టణములును తమ మలినమును కొందరి చేతుల మీదికి నెట్టి, తాము శుభ్రముగా ఉంటిమని చెప్పుకొనిన చరిత్ర కలదు. ఆ పని చేసినవారు ఎవరి బిడ్డలో మన సంఘములకు చెప్పనక్కరలేదు. చేతులతో మలమెత్తు పనిని నిషేధించుచు 1993లో ఒకటి, 2013లో ఒకటి చట్టములు వచ్చినవి. చట్టములు వచ్చిన తరువాతను మురుగు కాలువలలో దిగి మనుష్యులు చనిపోయినారు. ఆ పట్టణపు వీధులను మాత్రమే చూచి అందమని మెచ్చుకొనుట, అవ్వను చూడక చేటను మెచ్చుకొనుటయే. ఇంటిలోనైనను అంతే. వేళకు అన్నము, మడత పెట్టిన బట్టలు, కసవు లేని వాకిలి, ఇవన్నియు వాటంతట అవి కలిగినట్లు పురుషులమైన మనము కూర్చుండుచున్నాము. ఏ తల్లి, ఏ కోడలు తన ఒంటి వేడిని ఖర్చు చేసి ఆ క్రమమును నిలిపినదో అడుగుట లేదు.

నా ప్రసంగమును అదే కోవకు చెందినది. నా వాదము చక్కగా అమరినది. దాని చెదరుపాటు ఒక బిడ్డ మనస్సులో పడినది. తప్పు చెప్పుట ఒక పాపమైన, ఆ తప్పు వెలను మరియొకరిచేత చెల్లింపజేయుట రెండవ పాపము. మొదటిది తెలియక జరుగవచ్చును. రెండవది, తెలిసిన తరువాత మౌనముగా ఉండుటచేత జరుగును.

కనుక నా ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇది. సత్యమును చౌకైన ఋజువుతో నిలుపరాదు. అట్లు నిలిపినయెడల వెల లేకుండ పోదు; మనకంటె బలహీనుడైన ఎవనిమీదనో పడును. సరిచూచుటకు కావలసిన శ్రమ మనమే పడుదము. తప్పిపోయినప్పుడు పట్టు విడుచుటకు కావలసిన సిగ్గును మనమే భరింతుము. బ్రదికియున్నంత కాలము అది మనవలన కాగల పనియే.

ఆ కుఱ్ఱవాడు ఇప్పుడు పట్టణములో చదువుచున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు మా అరుగు మీద కూర్చుండును. నేను చెప్పినవన్నియు అతడు నమ్ముచున్నాడో లేదో నేనడుగలేదు. మొన్న వచ్చినప్పుడు మాత్రము నా ప్రసంగములోని ఒక మాటను గూర్చి, “అయ్యగారూ, ఇది సరిచూశారా?” అని అడిగెను. సరిచూడలేదని ఒప్పుకొని, పుస్తకము తెచ్చుటకు లోపలికి పోతిని.